ముగ్గుల పుస్తకంలో గొడుగుల కొట్టు

1990 ఆగస్టు 2, గురువారం, ఉదయం అయిదు గంటల పది నిమిషాలు. కువైట్‌లోని హవల్లీలో మూడో అంతస్తు ఫ్లాటు వంటగదిలో బియ్యం కడుగుతున్నాను. రెండో కడుగు నీళ్ళు వంచుతుంటే గిన్నె అంచు గడగడ కొట్టుకుంది. నా చెయ్యే వణికిందేమోనని గిన్నెను గట్టు మీద పెట్టి చూశాను. అక్కడా కొట్టుకుంది. గడియారం చూసి గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో వేళ రాశాను. ఏది జరిగినా వేళ రాసి పెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసిందని రేడియోలో విన్నది ఆ తర్వాత గంటకు.

నేను పని చేస్తున్నది ఒక జపాన్ దంపతుల ఇంట్లో. ఆయన సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఇంజనీరు. అంతకు ముందు నాలుగేళ్ళు కువైటీ ఇంట్లో చేసిన అలవాటు కొద్దీ ఆయన భార్యను మామా అనేదాన్ని, అక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. నాకంటే ఆరేళ్ళు చిన్నదైనా ఆమె వద్దనలేదు. ఆయనను సార్ అనేదాన్ని. మా ముగ్గురి మధ్యా వచ్చీరాని ఇంగ్లీషు, నాలుగు అరబ్బీ మాటలు, మిగిలినదంతా చేతి సైగలు. అప్పుడు నాకు నలభై నాలుగేళ్ళు. నా మనిషి పోయి తొమ్మిదేళ్ళు. కువైట్‌కు వచ్చి ఆరేళ్ళ రెండు నెలలు.

ఆ ఇంట్లో పాదరక్షల పెట్టె కంటే కొంచెం పెద్దదైన చెక్క పెట్టె ఒకటి ఉండేది. అందులో 438 అట్టముక్కలు. ఆ అట్టల సంగతి చెప్పకపోతే మిగిలినదేదీ అర్థం కాదు.

జపాన్‌లో కనజావా అనే ఊళ్ళో సార్ వాళ్ళ పెద్దల ఇల్లు ఉంది. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉండే ఇల్లు. ముందు కొట్టు, వెనక కాపురం. అలాంటి ఇంటిని వాళ్ళు మాచియా అంటారు. రెండు వందల ఏళ్ళ నాడు కట్టారట. ఆ ఊళ్ళో వానలెక్కువ కాబట్టి వాళ్ళ పెద్దలు వెదురుతోనూ కాగితంతోనూ గొడుగులు చేసి అమ్మేవారు. గొడుగులు కొనేవాళ్ళు తగ్గి కొట్టు మూతపడింది, ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. పడగొట్టి అమ్మేద్దామని అన్నదమ్ములన్నారు. సార్ ఒప్పుకోలేదు. చివరికి ఒక ముసలి వడ్రంగి చేత ఇల్లంతా కర్రకు కర్ర విప్పించి షెడ్డులో పెట్టించారు. పుచ్చినవి బాగు చేసి, అవే కర్రలతో ఇంటిని మళ్ళీ నిలబెట్టాలని ఆయన కోరిక.

విప్పేటప్పుడు ప్రతి కర్రకూ ఒక చెక్కబిళ్ళ కట్టారు. దించిన వరుసలోనే నంబరు. మొదట దించింది ఒకటి, చివర దించింది 438. ఏ నంబరు కర్ర ఎక్కడిదో, ఏ కొనను ఎలా చెక్కారో, ఏ గాడిలోకి దిగుతుందో సార్ ఒక్కో అట్ట మీద అంకెలతో, బొమ్మలతో గీసి పెట్టుకున్నారు. ఆ ఇంట్లో ఇనుప మేకు లేదు, అన్నీ కర్రలో కర్ర దించిన అతుకులే. ఇల్లు విప్పిన అయిదు నెలలకు ఆ వడ్రంగి కాలం చేశాడు. అప్పటికి సార్ అట్టల పెట్టెను కువైట్‌కు తెచ్చుకుని, సెలవు రోజుల్లో వాటిని చూసి పెద్ద కాగితాల మీద పటాలు గీస్తున్నారు, ఇంకా సగం కూడా కాలేదు. అంటే ఆ ఇల్లు ఎలా నిలబడేదో చెప్పగలిగినవి ఈ భూమ్మీద ఆ అట్టలు మాత్రమే.

శుక్రవారాల్లో ఆయన అట్టలు నేల మీద పరిచేవారు. నేను వాటి చుట్టూ తుడిచేదాన్ని. ఒకరోజు రెండు అట్టలు తారుమారై కనబడ్డాయి. ఒకదాని మీద కొన మొగ్గలా చెక్కి ఉంది, అది దిగాల్సిన చోట గాడి మామిడి పిందెలా ఉంది. వేలు పెట్టి చూపించాను. సార్ చాలాసేపు చూసి, అట్టలు మార్చి, నాకు తల వంచి నమస్కారం చేశారు. ఆ తర్వాత అట్టలు వరుస పెట్టే పని నాదయింది.

నాకు అది తెలియడంలో వింతేమీ లేదు. మా నాయన కడప జిల్లాలో మిద్దెలు విప్పి మళ్ళీ వేసే పనివాడు. పాత మిద్దె దించేటప్పుడు ఒక్కో బండకూ, దూలానికీ, దూలాల మీద పరిచే దంతెకూ జాజుతో, అంటే ఎర్రమట్టితో, గుర్తు పెట్టేవాడు. నేను ఏడో తరగతి వరకూ చదివాను కాబట్టి ఆ గుర్తులు పుస్తకంలో రాసుకోవడం నా పని. ఆయన ఎప్పుడూ మొదటి గుర్తు ఈశాన్యం మూల పెట్టేవాడు. అక్కడి నుంచి కుడిచేతి వైపుగా తిరిగేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పొద్దు తూర్పున ఎందుకు పొడుస్తుందని ఎవరడుగుతారు.

సైన్యం వచ్చిన పన్నెండో రోజు, ఆగస్టు 14 మంగళవారం, జపాన్ వాళ్ళంతా తమ ఎంబసీకి చేరుకోవాలని కబురు వచ్చింది. మనిషికొక సంచి. మూడు నాలుగు రోజుల్లో తిరిగి వస్తామన్నట్టే బయల్దేరారు. మామా ఫ్రిజ్‌లో ఏమేమి ఉన్నాయో నాకు చూపించింది. సార్ నా పాస్‌పోర్టు, ఇఖామా అనే నివాస అనుమతి కార్డు నా చేతిలో పెట్టారు. తర్వాత అట్టల పెట్టె మీద అరచెయ్యి ఆనించి అన్నారు:

"ఇవి పోతే అక్కడ షెడ్డులో ఉన్నది వంటచెరుకు. ఇల్లు కాదు."

తీసుకుపొమ్మనలేదు, దాచమనలేదు. ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయారు. అక్కడి నుంచి వాళ్ళను బందీలుగా బాగ్దాద్‌కు తరలించారని తర్వాత తెలిసింది.

మా బిల్డింగు హారిస్, అంటే కాపలా మనిషి, జగిత్యాల వైపు వాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. పదేళ్ళుగా ఆ మెట్ల కింది గదిలోనే ఉంటున్నాడు. పెట్టెను ఊరికి పట్టుకుపోదామంటే అతను అడ్డం పడ్డాడు. కాగితాల మీద ఇళ్ళ బొమ్మలు, పరాయి రాతలు కనబడితే చాలు, దారిలో సైనికులు మనిషిని దించేస్తున్నారట. పక్క వీధిలో ఒక డ్రాయింగు మాస్టారుని అలాగే తీసుకుపోయారని చెప్పాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. పెట్టె మాత్రం కదలకూడదని తేలింది.

నా ట్రంకులో రెండు వందల పేజీల పొడుగు నోటుపుస్తకం ఉంది. మొదటి ముప్పై పేజీల్లో మా అమ్మ దగ్గర నేర్చుకున్న ముగ్గులు, రెండు వైపులా నిండా. మిగిలినది ఖాళీ. ఆగస్టు 16 గురువారం ఉదయం ఎనిమిది గంటలకు ఆ పుస్తకం తెరిచి ముప్పై ఒకటో పేజీలో చుక్కలు పెట్టాను. అడ్డం నాలుగు, నిలువు పన్నెండు. మొత్తం నలభై ఎనిమిది. ఇంటి నడుమ పైకప్పు లేని చిన్న తోట ఉండే చోట రెండు చుక్కలు తీసేశాను. నలభై ఆరు. ఆ ఇంటి కంబాలు, అంటే నిలువు స్తంభాలు, సరిగ్గా నలభై ఆరు.

చుక్క అంటే కంబం. చుక్కకూ చుక్కకూ మధ్య గీత అంటే దూలం. పక్కన చిన్న అంకె అంటే కర్ర నంబరు. అతుకులు మొత్తం తొమ్మిది రకాలు, వాటికి తొమ్మిది ముగ్గు గుర్తులు పెట్టుకున్నాను: మొగ్గ, మామిడి పిందె, శంఖం, తమలపాకు, ఇలా. నేల మట్టం కొన్ని పేజీలు, మొదటి దూలాల మట్టం కొన్ని, పైకప్పు మరికొన్ని. ఎవరైనా తెరిస్తే పనిమనిషి ముగ్గుల పుస్తకం.

అట్టల మీద వరుసలు వీధి గుమ్మం మూల నుంచి లెక్కపెట్టి ఉన్నాయి. అది నైఋతి. ఇంటిని నైఋతి నుంచి మొదలుపెట్టడానికి నాకు మనసొప్పలేదు. సార్ ఇంజనీరు కాబట్టి తన వీలు కొద్దీ అలా రాసుకుని ఉంటారని అనుకున్నాను. ప్రతి పేజీలోనూ మొదటి చుక్క ఈశాన్యానికి మార్చి, మిగిలినవి దాని వెంట తిప్పాను. ఒక్కటీ తప్పు పోకుండా రెండుసార్లు సరిచూశాను. ఈశాన్యం నుంచి మొదలుపెట్టానని ఎక్కడా రాయలేదు. రాయాలని తోచలేదు.

హారిస్ రోజూ నీళ్ళ డబ్బా మోసుకొచ్చి, గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"జంగు నడుస్తుంటే ముగ్గులేసుకుంట కూసున్నవా, అక్కా?"

"నీళ్ళు ఆడ పెట్టి పో."

"గా జపనోళ్ళ ఇల్లు నిలవడితే నీకేమొస్తది? అండ్ల నీకో అర్ర ఇస్తరా?"

"ఏమీ రాదు. అంత బాగా చెక్కిన కర్రలు కట్టెల మాదిరి పడుండకూడదు. అంతే."

అతను డబ్బా దించి, తమ ఊళ్ళో అయితే ఇంత కష్టపడి పాత ఇల్లు ఎవడూ ఎత్తడు, సిమెంటు పోసి కొత్తది కట్టుకుంటాడని అన్నాడు. అయినా మర్నాటి నుంచి అట్ట మీద నంబరు చదివి చెప్పడానికి గంటసేపు కూర్చునేవాడు. నంబర్లను హిందీలో చదివేవాడు, నేను తెలుగులో తిరిగి చెప్పి రాసేదాన్ని. దానివల్ల ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

కంబాలు 46, దూలాలు 71, దంతెలూ అడ్డకర్రలూ 189, తలుపు చట్రాలూ కటకటాలూ మెట్లూ కలిపి 132. మొత్తం 438. సెప్టెంబరు 5 బుధవారం సాయంత్రం నాలుగున్నరకు ముగిసింది. ఇరవై ఒక్క రోజులు. పుస్తకం చివరి ఆకులో ఏడు కర్రలు మాత్రమే పడ్డాయి, ఇక ఖాళీ ఆకు లేదు. మేడ మీదికి పోయే మెట్లకు పక్కన ఉండే కటకటాలు.

పెట్టె మూత మీద సార్ వాళ్ళ ఊరి చిరునామా కుంచెతో రాసి ఉంది. ఆ అక్షరాలు నాకొక్కటీ తెలియవు. పుస్తకం అట్ట లోపలి వైపు వాటినీ ముగ్గు దించినట్టే దించుకున్నాను. ఏ గీత ముందో ఏది వెనకో తెలియదు గనుక పై నుంచి కిందికి చూసుకుంటూ గీశాను. పెట్టెను హారిస్ గదిలో పిండి డ్రమ్ము అడుగున పెట్టాము.

సెప్టెంబరు 9 ఆదివారం ఉదయం ఏడున్నరకు, జోర్డాన్ మీదుగా ఇండియాకు పోవడానికి, నేనూ హారిసూ బస్సెక్కాము. బస్సులో నలభై ఒక్కమంది. సగం మంది మా కడప, రాయచోటి వైపు ఆడవాళ్ళు, మిగిలినవాళ్ళు నిజామాబాద్, కరీంనగర్ మగవాళ్ళు. అందరికీ కలిపి మూడు బస్తాల ఖుబ్జు రొట్టె, ఆరు డబ్బాల నీళ్ళు. బస్రా చేరక ముందు సైనికులు బస్సు ఆపి అందరినీ దించారు. సంచులు రోడ్డు పక్కన కుమ్మరించారు. ఒక సైనికుడు నా పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. పాతిక దాటదు వయసు. అంకెల మీద వేలు పెట్టి ఏదో అడిగాడు. హారిస్ అరబ్బీలో చెప్పాడు, ఇవి మా ఆడవాళ్ళు పొద్దున్నే వాకిట్లో పిండితో వేసేవని, అంకెలు చుక్కల లెక్కని. అతను నమ్మలేదు. నా వైపు చూసి నేల చూపించాడు. వేసి చూపించమని.

అక్కడ పిండి లేదు. వేలితో దుమ్ములో ఏడు చుక్కల ముగ్గు పెట్టాను. మధ్య వరుసలో ఏడు, దానికి అటూ ఇటూ ఆరు, ఆ పక్కన అయిదు, చివర నాలుగు. తిప్పడం మొదలుపెడితే ముగ్గు తనే నడుస్తుంది. నలభై మంది చుట్టూ నిలబడి చూశారు. చివరి గీత మొదటి గీతను కలిసేవరకూ సైనికుడు కదల్లేదు. పుస్తకం నా చేతికిచ్చి, బస్సు వైపు పోతూ, ముగ్గును తొక్కకుండా పక్కనుంచి తిరిగి వెళ్ళాడు. "యల్లా" అన్నాడు, ఇక పదండని.

"ఏనుగెక్కినంత సంబురమైందే నీకు," అన్నాడు హారిస్ బస్సెక్కినాక. పుస్తకానికి అంటిన దుమ్ము కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరేసరికి సెప్టెంబరు 13, గురువారం. ఎడారిలో గుడారాలు. విమానంలో వంతు కోసం ఎదురుచూపు. ఎనిమిదో రోజు, సెప్టెంబరు 20 మధ్యాహ్నం రెండు గంటలకు, మన ఎంబసీ తరఫున ఒకాయన గుడారాల మధ్య పరుగులాంటి నడకతో వచ్చాడు. ఎల్లుండి విమానంలో ఒక బస్సు మందికి చోటుంది, పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు వెంటనే రాసి ఇవ్వాలి, పావుగంటలో జీపు పోతుంది. ఆయన దగ్గర కాగితాలు ముందు గుడారంతోనే అయిపోయాయి. మా దగ్గర ఎవరి దగ్గరా లేవు. హారిస్ సిగరెట్ పెట్టె చించి ఇచ్చాడు. దాని మీద ఆరు పేర్లు పడతాయి.

అందరూ నా వైపు చూశారు. వారం రోజులుగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పుస్తకం అందరికీ తెలుసు. పాత ముగ్గుల పేజీలు రెండు వైపులా నిండినవి. ఇంటి పేజీలు ఒక వైపే. వెనక సిరా కనబడుతుందని ఒక వైపే గీశాను. ఏ ఆకు చించినా ఇంట్లో ఒక భాగం పోతుంది.

మా గుడారంలో ఒక బాలింత ఉంది. బిడ్డకు పదకొండు రోజులు. అంటే మేము కువైట్ వదిలిన రోజే పుట్టింది, బస్రా ఆసుపత్రి ముందు ఆగిన బస్సులో.

"అక్కా, చింపుతవా లేదా?" అన్నాడు హారిస్. గొంతులో వేళాకోళం లేదు.

కంబాల ఆకు చించలేను. దూలాల ఆకు చించలేను. మెట్ల పక్క కటకటాలు లేకపోయినా ఇల్లు నిలబడుతుంది, మనుషులు గోడ పట్టుకుని ఎక్కుతారు. చివరి ఆకు చించాను. ఏడే కదా, సాయంత్రం కూర్చుని ఇంకో ఆకు వెనక రాసుకుందామని అనుకున్నాను. నలభై ఒక్క పేర్లూ, నలభై ఒక్క నంబర్లూ నేనే రాశాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. బిడ్డకు పాస్‌పోర్టు లేదు, తల్లి పేరు కింద "ఆడబిడ్డ, పదకొండు రోజులు" అని రాశాను. అది నలభై రెండో వరుస. ఆయన ఆకు మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కాడు.

సాయంత్రం పుస్తకం తెరిచాను. ఏడు నంబర్లూ గుర్తున్నాయి. ఏది కింద, ఏది పైన, ఏ కొన ఎటు, అది నిశ్చయంగా గుర్తు రాలేదు. రెండు రకాలుగా తోచింది. రెండూ సరిగ్గా ఉన్నట్టే అనిపించాయి. రాయకుండా మూసేశాను. తప్పు రాత కంటే ఖాళీ నయం.

సెప్టెంబరు 22 శనివారం విమానమెక్కి బొంబాయిలో దిగాము. అక్కడి నుంచి హారిస్ అటు, నేనిటు. స్టేషన్లో విడిపోయేటప్పుడు అతను, "ఇల్లు లేస్తే నాకు కార్డు ముక్క రాయి, అక్కా. ఊకెనే ఇరవై ఒక్క రోజులు నంబర్లు సదివిన్నా?" అన్నాడు.

అక్టోబరు 8 సోమవారం రాయచోటి పోస్టాఫీసులో పుస్తకం రిజిస్టరు చేశాను. గుర్తుల అర్థం మా వీధి స్కూలు టీచరమ్మ చేత ఇంగ్లీషులో రాయించి లోపల పెట్టాను. చిరునామా నేనే గీశాను. కౌంటరులోని గుమాస్తా కవరు అటూ ఇటూ తిప్పి, ఇదేం భాషమ్మా అన్నాడు. జపాన్ అని పైన ఇంగ్లీషులో రాసి ఉంది కదా, మిగిలినది ఆ దేశం పోస్టుమాన్ చూసుకుంటాడని చెప్పాను. అది చేరుతుందని నాకేం నమ్మకం లేదు. ఒక గీత వంకర పోయినా అది ఇంకో ఊరవుతుందేమో.

డిసెంబరులో మామా ఉత్తరం వచ్చింది. ఆడవాళ్ళను సెప్టెంబరు మొదట్లోనే వదిలారట, ఆమె ఇంటికి చేరింది. పుస్తకం అందింది. సార్ ఇంకా రాలేదు. ఆ ఉత్తరం టీచరమ్మ నాకు చదివి పెట్టింది. ఆ నెలాఖరుకు సార్ కూడా వచ్చారని ఇంకో కార్డు. పదకొండు కిలోలు తగ్గారట. వచ్చిన మూడో రోజు నుంచి పుస్తకం ముందే కూర్చున్నారట.

అసలు పరీక్ష 1991 ఏప్రిల్‌లో వచ్చింది. సార్ ఉత్తరం. కొత్త వడ్రంగులు ముగ్గురు పని మొదలుపెట్టారు. పుస్తకంలో మొదటి చుక్కను వీధి గుమ్మం మూలగా తీసుకున్నారు, వాళ్ళ అట్టల లెక్క అదే కాబట్టి. నాలుగు కంబాలు ఎత్తారు. కొట్టు ముందుండాల్సిన కంబం చూస్తే పొగచూరి కటిక నల్లగా ఉంది. చెక్కబిళ్ళ ఉన్న ముఖాన్ని పాత పద్ధతిలో వీధి వైపే తిప్పి నిలబెట్టడంతో, దాని మీదికి రావాల్సిన దూలం గాడిలోకి దిగలేదు. నలుగురూ తలొక మాట అన్నారు. ఎక్కడో ఎడారి దేశంలో పనిమనిషి గీసిన బొమ్మలు నమ్మి ఇల్లు కడతామా అని సార్ అన్నల్లో ఒకాయన అన్నాడట. కర్రలు అమ్మేద్దామని మళ్ళీ మాట లేచింది. నెల రోజులు ఆగమని సార్ అడిగారు. ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: ఎక్కడ మొదలుపెట్టావు?

ఆ వాక్యం టీచరమ్మ చేత మళ్ళీ చదివించుకున్నాను. ఎక్కడని? ఈశాన్యం. ఇంకెక్కడ మొదలుపెడతారు? నడుమ తీసేసిన రెండు చుక్కలూ సరిగ్గా మధ్యన ఒకదానికొకటి ఐమూలగా ఉండడంతో బొమ్మ ఎటు తిప్పినా ఒకేలా కనబడింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. వంటింటి కంబం వీధిలోకి, వీధి కంబం వంటింట్లోకి పోయాయి. ఇల్లంతా వెనుదిరిగి నిలబడింది.

ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసుకు వెళ్ళి తంతి కొట్టించాను. "మొదటి చుక్క ఈశాన్యం మూల." ఇంగ్లీషులో టీచరమ్మ రాసిచ్చింది. వెనకే ఉత్తరం కూడా రాశాను, మా నాయన సంగతి, జాజు గుర్తుల సంగతి, చెప్పకపోవడం నా తప్పని. తప్పు అని రాయడం నా జీవితంలో అది మూడోసారి.

జూన్‌లో జవాబు వచ్చింది. పుస్తకం తిప్పి పట్టుకోగానే అన్నీ దిగాయట. ఒక్కో కంబం తన చోటికి, ఒక్కో మొన తన గాడిలోకి. వడ్రంగుల్లో పెద్దాయన పుస్తకాన్ని నెత్తికి ఆనించుకున్నాడట. ఇంకో మాట కూడా రాశారు. వాళ్ళ దేశంలో ఈశాన్యం దయ్యాలు వచ్చే మూల. ఏ వడ్రంగీ అక్కడ మొదటి గుర్తు పెట్టడు, ఆ వైపు గుమ్మం కూడా ఉంచరు. నేను ఆ మూల నుంచే ఇల్లు మొదలుపెట్టానని తెలిసి ముసలమ్మలు ఇద్దరు చెవులు మూసుకున్నారట.

నాకు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. మా దేవుడు కూర్చునే మూలను వాళ్ళు దయ్యాలకు ఇచ్చారు. హారిస్‌కు కార్డు రాశాను. అతను జవాబు రాశాడు: "మంచిదే అయింది అక్కా. దయ్యాలు అస్తే నీ ముగ్గు సూసి దారి తప్పుతయి."

1992 ఏప్రిల్‌లో ఫోటో వచ్చింది. సన్నటి ఇల్లు, కర్ర కటకటాల ముఖం, గుమ్మంలో తెరిచిన ఎర్ర కాగితపు గొడుగు. ముందున్న కొట్టులో ఆ ఊరి ముసలి పనివాళ్ళు ఇద్దరు గొడుగులు చేయడం నేర్పుతున్నారు. వెనక గదులు వీధి పిల్లలు వచ్చి పుస్తకాలు చదువుకోవడానికి ఇచ్చారు. ఒరిగిన గోడలు నిటారుగా ఉన్నాయి. మెట్ల పక్కన మాత్రం కొత్త కర్ర, తెల్లగా, మిగిలిన నల్లటి కర్రల మధ్య కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఆ ఏడు పాత కర్రలనూ పారేయలేదట. చోటు తెలియనివని ఒక గోడకు వరుసగా ఆనించి పెట్టారు. పిల్లలు వాటికి సంచులు తగిలించుకుంటారట.

మామా ఏటా ఒక కార్డు రాస్తుంది. నిరుడు కూడా రాసింది. ఏడాదికొకసారి, పెద్ద శుభ్రం చేసే రోజున, ఈశాన్యం మూల బియ్యప్పిండితో నా ముప్పై ఒకటో పేజీ ముగ్గు వేస్తుందట. దయ్యాలు రాకుండానా, దేవుడు రావడానికా అని నేనడిగాను. ఎవరొచ్చినా కాళ్ళు తుడుచుకుని వస్తారని రాసింది.

నాకిప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది, ఫోటో నా దగ్గర ఉంది. పోయినవి ఇవి.

హవల్లీ ఫ్లాటులో నావి: ట్రంకు పెట్టె ఒకటి, కుట్టుమిషను ఒకటి, చీరలు పదకొండు, నా మనిషి ఫోటో ఒకటి. అది ఒక్కటే ఉండేది.

వాళ్ళవి: ఇంట్లో ఉన్నవన్నీ. నేను లెక్క పెట్టలేదు కాబట్టి అంకె వేయను.

హారిస్ గదిలో పిండి డ్రమ్ము, దాని అడుగున చెక్క పెట్టె, 438 అట్టలు. బిల్డింగు తగలబడిందని తర్వాత తిరిగి వెళ్ళిన హారిస్ చెప్పాడు.

పుస్తకంలో ఆకు ఒకటి. దాని మీద కర్రలు ఏడు. మిగిలినవి 431, అన్నీ నిలబడి ఉన్నాయి.

ఆ ఆకు వెనక రాసిన పేర్లు నలభై ఒకటి, పేరు లేని ఆడబిడ్డ ఒకటి. వాళ్ళలో ఇల్లు చేరకుండా పోయినవాళ్ళు లేరు.